కట్టె పొగలో కాచిన బీరు

బాంబెర్గ్‌లోని ష్లెంకర్లా అనే బీరుశాలలో మొదటి గుక్క మింగిన కొత్తవాళ్లు చాలామంది గ్లాసును మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకుంటారు. బీరు అడిగితే పొగబెట్టిన మాంసం వాసన వస్తోందేమిటని వాళ్ల అనుమానం. మూడో గ్లాసుకి గానీ నాలుక దారికి రాదని అక్కడివాళ్లు చెబుతారు. అమ్మకాల కోసం పుట్టిన మాటలా ఉంది కానీ, నా మట్టుకు నిజమే అయింది. ముక్కు పొగకి అలవాటు పడ్డాకే దాని వెనక ఉన్న మాల్ట్ తీపి, చివర్లో హాప్స్ చేదు బయటపడ్డాయి.

జర్మనీలోని ఫ్రాంకోనియా ప్రాంతంలో ఉంది బాంబెర్గ్. యునెస్కో 1993లో వారసత్వ జాబితాలో చేర్చిన పాతపట్నం. కేథడ్రల్ కొండ దిగువన, సన్నటి వీధిలో, గోడల్లో చెక్క దూలాలు కనిపించే ఇల్లు ష్లెంకర్లా. 1405 నాటి రికార్డుల్లోనే ఈ ఇంటి ప్రస్తావన ఉంది. బీరు కాచేది మాత్రం ఇక్కడ కాదు, ష్టెఫాన్స్‌బెర్గ్ గుట్ట మీద. అసలు పనితనమంతా అక్కడే, అదీ బీరు కాచడానికి ముందే జరిగిపోతుంది.

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆ పచ్చి మాల్ట్‌ని బట్టీలో ఆరబెట్టాలి. ఒకప్పుడు బట్టీ కింద కట్టెలే మండేవి, కాబట్టి యూరప్‌లో చాలా బీర్లకి ఎంతో కొంత పొగ వాసన ఉండేది. పొగ తగలకుండా మాల్ట్ ఆరబెట్టే బట్టీకి ఇంగ్లండులో 1635లోనే నికొలస్ హాల్స్ పేటెంటు తీసుకున్నాడు. మెల్లగా లోకమంతా ఆ దారి పట్టింది. ష్లెంకర్లా పట్టలేదు. ఇప్పటికీ సొంత బట్టీలో, బీచ్ కట్టెల మంట మీదే మాల్ట్ ఆరబెడుతుంది. తడి గింజ పొగని త్వరగా పీల్చుకుంటుంది, ఆరేకొద్దీ ఆ గుణం తగ్గుతుంది. అంటే పొగ పట్టాల్సింది గింజలో తడి ఉండగానే. అలాగని మంట పెంచితే మాల్ట్ మాడుతుంది, లోపలి ఎంజైములు చచ్చి పిండి చక్కెరగా మారదు. పిడకల దాలి మీద పొద్దంతా కాగిన పాలు ఎరిగినవాళ్లకి ఇది విప్పి చెప్పనక్కర్లేదు. పొగ పాలని పాడూ చేస్తుంది, మీగడకి ఇంకెక్కడా దొరకని రుచినీ ఇస్తుంది. ఏది జరుగుతుందన్నది మంట దగ్గర కూర్చున్న మనిషి చేతిలో ఉంటుంది.

ఈ ఇంటి ప్రధానమైన బీరు మెర్ట్‌సెన్. నల్లగా కనిపిస్తుంది గానీ వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తే ముదురు ఎరుపు. ఆల్కహాలు 5.1 శాతం. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మాత్రం పేరున్న ఈ బీరు కాదు, పక్కన ఎవరూ పట్టించుకోని హెల్లెస్. దాంట్లో పొగబెట్టిన మాల్ట్ ఒక్క గింజ కూడా పడదు, అయినా సన్నగా పొగ తగులుతుంది! అవే రాగి కాగులు, మెర్ట్‌సెన్‌ని పులియబెట్టిన అదే ఈస్ట్. తరాల తరబడి చేసిన పని పాత్రలకి అంటుకుని, అడగకుండానే పక్క బీరులోకి దిగుతోంది. పనివాడి ముద్ర అంటే ఇదీ అనిపించింది.

వడ్డన కూడా పాత పద్ధతే. బల్ల మీద చెక్క పీపా, దానికో కుళాయి. గ్యాసు ఒత్తిడి ఏమీ లేకుండా బీరు తన బరువుకి తానే గ్లాసులోకి దిగుతుంది. అందుకే నాలుక మీద చిటచిట తక్కువ, నురగ మెత్తన. లోపల చోటు లేకపోతే గ్లాసుకి డిపాజిట్ కట్టి వీధిలో నిలబడి తాగేవాళ్లూ ఉంటారు. తిండికి మాంసం కూరిన పెద్ద ఉల్లిగడ్డ దొరుకుతుంది, దాని గ్రేవీలోనూ ఈ బీరే. ఊళ్లో ష్పెట్‌సియాల్ అనే బ్రూవరీ కూడా సొంతంగా పొగ మాల్ట్ చేసుకుంటుంది. దాని పొగ మెతక, మొదటిసారి వచ్చినవాళ్లకి తేలిక. నా ఓటు మాత్రం ష్లెంకర్లాకే.

అక్టోబరులో అక్కడ ఉర్‌బాక్ అనే బీరు వస్తుంది, ఆల్కహాలు 6.5 శాతం. క్రిస్మస్‌కి ఐషె వస్తుంది, 8 శాతం. ఐషెలో బీచ్‌కి బదులు ఓక్ కట్టె పొగ. అది ఇంకా మృదువుగా ఉంటుంది. ఆ రోజుల్లో వెళ్తే ముందు మెర్ట్‌సెన్ తాగి, ఆ తర్వాత ఐషె తీసుకోండి. కట్టె మారితే ఏం మారుతుందో అప్పుడే తెలుస్తుంది. ఎనిమిది శాతంతో మొదలుపెడితే పోల్చి చూడ్డానికి నాలుక మిగలదు.