పొలిమేర మీద ఒక సెలవురోజు

అమెరికాలోని మాసచుసెట్స్ రాష్ట్రంలో ఒక పాత చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. టౌను పాలకుల్లో కనీసం ఇద్దరు, లేదా వాళ్లు రాతపూర్వకంగా నియమించిన ఇద్దరు, ఐదేళ్లకోసారి తమ ఊరి హద్దురాళ్ల దగ్గరికి వెళ్లాలి. రాయిని వెతికి, మాసిపోయిన గుర్తుల్ని మళ్లీ దిద్ది, తమ ఊరి అక్షరం ఉన్న ముఖం మీద ఆ సంవత్సరం వేసి రావాలి. ఆ తర్వాత ఊరి రికార్డుల్లో రాసి సంతకం పెట్టాలి. ఫోన్‌లో వేలు పెడితే హద్దు కనిపించే కాలంలో ఇదెందుకని చాలామంది అడుగుతారు. ఆ రాళ్ల దగ్గరికి నడిచి వెళ్లినవాళ్లు మాత్రం అడగరు.

ఈ అలవాటు ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ వసంతకాలంలో ఊరి జనం చర్చి పరిధి హద్దు వెంట నడిచేవారు. పిల్లల చేతికి బెత్తాలిచ్చి హద్దురాళ్లను కొట్టించేవారు, కొన్నిచోట్ల పిల్లల్నే ఆ రాళ్లకు తాటించేవారు. మ్యాపులు అరుదైన రోజులవి. యాభై ఏళ్ల తర్వాత తగాదా వస్తే సాక్ష్యం చెప్పాల్సింది ఆ పిల్లలే. మాసచుసెట్స్‌కు వలస వచ్చినవాళ్లు 17వ శతాబ్దంలోనే దీన్ని చట్టంలోకి ఎక్కించారు. హద్దు దగ్గర పెద్ద రాళ్లకుప్ప పోయాలి, లేకపోతే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున కందకం తవ్వాలి అన్నారు. గ్రానైటు స్తంభాలు తర్వాత వచ్చాయి.

రచయిత హెన్రీ డేవిడ్ థోరో సర్వే పని కూడా చేసేవాడు. 1851 సెప్టెంబరులో కాంకర్డ్ పెద్దలతో, పొరుగూళ్ల పెద్దలతో కలిసి హద్దులన్నీ తిరిగాడు. అన్ని రోజులు వాళ్ల లోకవ్యవహారాల మధ్య గడిపినందుకు తన మనసు మొద్దుబారిందని డైరీలో బాధపడ్డాడు. అడవిని అంతగా ప్రేమించిన మనిషి అలా అనుకోవడం నాకు ఆశ్చర్యమే. ఆ నడకలో అడవికన్నా విలువైనది పక్కన నడిచే పొరుగూరివాళ్లే అని నా నమ్మకం.

ఈ రాళ్ల వేటకు ఏప్రిల్ మూడో సోమవారాన్ని మించిన సెలవు లేదు. 1775లో లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో మొదలైన పోరాటానికి గుర్తుగా ఇచ్చే పేట్రియట్స్ డే అది. జనం బోస్టన్ మారథాన్ చూడ్డానికి పోతారు, అడవి ఖాళీగా ఉంటుంది. చెట్లు ఇంకా చిగురించవు కాబట్టి దూరంగా ఉన్న రాయి కూడా కంటబడుతుంది. పిడుదులు మాత్రం అప్పటికే లేచి ఉంటాయి. ప్యాంటు అంచుల్ని మేజోళ్లలోకి దోపుకోవాలి, ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోవాలి. రాయి ఎవరి పెరట్లోనైనా ఉంటే తలుపు తట్టి అడగాలి.

వెతకడానికి మొదటి ఆధారం, 1900కు అటూ ఇటూగా రాష్ట్రం అచ్చువేయించిన హద్దుల అట్లాసులు. ప్రతి మూల ఎక్కడుందో, ఏ రాయి పాతారో వాటిలో ఉంటుంది. పాత కాగితాల్లోని దిక్సూచి లెక్కల్ని ఉన్నవున్నట్టు నమ్మితే దారి తప్పుతాం. అయస్కాంత ఉత్తరం కాలంతో జరుగుతూ ఉంటుంది. ఇప్పుడు బోస్టన్ చుట్టుపక్కల దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి దాదాపు 14 డిగ్రీలు పడమటికి చూపిస్తుంది. ఆ తేడా సరిచేసుకుని, రైతులు పేర్చిన పాత రాతిగోడ పట్టుకుని నడవాలి. చాలాచోట్ల గోడా హద్దూ ఒకటే.

వాల్డెన్ చెరువుకు దక్షిణాన కాంకర్డ్, లింకన్ ఊళ్ల హద్దు అడవిలో సాగుతుంది. అక్కడి స్తంభం నడుము ఎత్తు కూడా ఉండదు. ఒక ముఖం మీద సి, దానికి ఎదురు ముఖం మీద ఎల్. ఉలి దెబ్బలు వేలికి తెలుస్తాయి. అక్షరం కింద తెల్ల రంగులో ఒక సంవత్సరం, దాని అడుగున పెచ్చులూడిన మరో సంవత్సరం, ఇంకా అడుగున చదవలేని మరక. చలికాలపు మంచుకు నేల ఉబ్బి రాయి ఒక పక్కకు ఒరిగింది. కొత్త రంగు వేసే ముందు గట్టి కుంచెతో పాచి మెల్లగా గీకాలి. ఇనుప బ్రష్ వాడితే అక్షరమే అరిగిపోతుంది.

నది మధ్యలో వచ్చే హద్దుకు రాయి పాతలేరు. ఒడ్డున సాక్షిరాళ్లు నిలిపి, అక్కడి నుంచి దూరం కొలిచి రాసుకుంటారు. బెడ్‌ఫర్డ్, కార్లైల్ ఊళ్ల మధ్య హద్దు కాంకర్డ్ నదే. 225వ నంబరు రోడ్డు వంతెన దగ్గర కనూ దించి తెడ్డు వేస్తే ఎడమ తెడ్డు ఒక ఊళ్లో, కుడి తెడ్డు ఇంకో ఊళ్లో. ఈ నదికి ప్రవాహం ఉందా అన్నంత నెమ్మది. ఎదురుగాలి వీచిందంటే మాత్రం చేతులు పడిపోతాయి. వసంతంలో నీరు గడ్డిబీళ్ల మీదికి పొంగుతుంది. వేసవిలో బురదలో దిగబడే చోటికి కూడా అప్పుడు కనూ చేరుతుంది.

అక్కడ బెడ్‌ఫర్డ్ ఒడ్డున రెండు పెద్ద బండలున్నాయి. వాటి పేరు ‘ఇద్దరు అన్నదమ్ములు’. 1638 ఏప్రిల్‌లో గవర్నర్ జాన్ విన్‌త్రాప్, డిప్యూటీ గవర్నర్ థామస్ డడ్లీ తమకిచ్చిన భూములు ఎంచుకోవడానికి ఇక్కడికి వచ్చారు. అంతకుముందు ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నవాళ్లే. ఇప్పుడు మాత్రం ముందు మీరు ఎంచుకోండంటే మీరు ఎంచుకోండనుకున్నారు. విన్‌త్రాప్ కూతుర్ని డడ్లీ కొడుక్కిచ్చారు, ఇద్దరూ వియ్యంకులు. ఆ బంధానికీ, ఆ రోజు కుదిరిన సఖ్యతకూ గుర్తుగా బండలకు ఆ పేరు పెట్టామని విన్‌త్రాప్ తన డైరీలో రాసుకున్నాడు. పక్కనున్న చిన్న వాగు భూముల మధ్య గీత అయింది. ఆ సంవత్సరం, పేర్లు బండల మీద చాలా కాలం తర్వాత చెక్కారు.

మన ఊళ్లలోనూ జాతరప్పుడు పొలిమేర చుట్టూ పొలి చల్లుతూ తిరుగుతారు. అర్ధరాత్రి ఆ దారి తెలిసినవాళ్లు ఊళ్లో కొందరైనా మిగిలి ఉంటారు. సర్వే రాళ్ల సంగతి వేరు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం పొలంలోని సర్వే రాయిని కాపాడాల్సింది పట్టాదారు. గట్టుకు అవతలి రైతుతో కలిసి కొన్నేళ్లకోసారి దాన్ని చూసి రమ్మని ఆ చట్టం చెప్పదు. రాయి పోయిన సంగతి తగాదా వచ్చిన రోజునే బయటపడుతుంది. అప్పటికి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి ఉంటారు. మాసచుసెట్స్ చట్టంలో నాకు బాగా నచ్చింది ఇదే. తగాదా లేని రోజునే అది మనిషిని గట్టు దాకా నడిపిస్తుంది, రాయికి రెండో వైపు ఇంకో ఊరి అక్షరం చూపిస్తుంది.

పాలకులు తమ బదులు ఎవరినైనా రాతపూర్వకంగా నియమించవచ్చు కాబట్టి ఈ నడక ఊరివాళ్లకూ అందుతుంది. లెక్సింగ్టన్, యాక్టన్, వెస్ట్‌ఫర్డ్ లాంటి చోట్ల స్థిరపడ్డ తెలుగువాళ్లు టౌన్ హాల్‌కి వెళ్లి, మళ్లీ ఎప్పుడు బయల్దేరుతున్నారని అడగాలి. కార్యాలయంలో గత నడకల రికార్డు అడిగితే చూపిస్తారు. పిల్లల్ని కూడా తీసుకెళ్లాలి, కుంచె వాళ్లకే ఇవ్వాలి.