బోధకుడెవరు? సంఘమెవరిది?

మన క్రైస్తవ చరిత్రలు తిరగేస్తే మిషనరీ దొరల పేర్లు, బోధకుల పేర్లు వరుసగా కనపడతాయి. విని నమ్మిన మాల మాదిగలు మాత్రం అంకెలుగానే మిగిలారు. ఫలానా ఏడు ఇన్ని బాప్తిస్మాలు, అంతే. ఆ అంకెల్లో మా నాయినమ్మ ఒకతి. అక్షరం ముక్క రాదు. జనగామ పక్కన మా వాడలో విశ్వాసం నిలబడిందంటే ఆమెలాంటి వాళ్లవల్లనే. అయ్యగారు నెలకోసారి సైకిలు మీద వచ్చిపోయేది. మిగతా రోజులు సంఘాన్ని నడిపింది నాట్లేసి వచ్చిన ఆడోళ్లు. ఎవరింట్ల పొయ్యి వెలగకపోతే ఆ రాత్రి కూడిక అక్కడే. ప్రార్థన అయినంక తలా పిడికెడు బియ్యం ఆ ఇంటి చాటలో పడేవి. "దేవుడు వింటడు గని, పక్కింటోడు గూడ వినాలె బిడ్డా" అనేది. సహవాసం అనే పెద్దమాటకు నాకు దొరికిన మొదటి అర్థం ఇదే.

మరి బోధకుడు అక్కరలేదా? అక్కరే. మా నాయినతో అ ఆలు దిద్దించింది బోధకుడే. బైబిలు కోసం నేర్చిన ఆ అక్షరమే మా ఇంట్ల నన్ను డిగ్రీ దాకా నడిపించింది, సర్కారు బడి పంతులమ్మను చేసింది. కాబట్టి బోధకుణ్ణి చిన్నచేయడం నా ఉద్దేశం కాదు. ఆయన పని ఏమిటన్నదే ప్రశ్న.

జవాబు నేను ఉద్యోగం చేస్తున్న మహబూబాబాద్ జిల్లాలోనే ఉంది. 1909లో తమిళదేశం నుంచి డోర్నకల్ వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన పేరు చెప్పగానే అందరూ 1939లో ప్రతిష్ఠ చేసిన కెథడ్రల్‌ను చూపిస్తారు. నాకు అంతకంటే పెద్దదిగా కనపడేది మరొకటి. బాప్తిస్మం పొందినవాళ్లతో తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే కీడు నాకేనని పలికించేవాడు. పటేలు ముందు నోరెత్తడమే నేరమని తరతరాలుగా నేర్పబడ్డ మనిషికి, నోరు తెరవకపోవడమే తప్పని చెప్పడం ఇది. వెట్టిమనిషిని బోధకుణ్ణి చేయడం ఇది.

ఆ కొలతతో ఇవాళ్టి సభల్ని చూడండి. భూపాలపల్లిలో మా అక్క ఉంటది. బావ సింగరేణి బాయిలో పనిచేస్తడు. వాళ్ల కాలనీ దగ్గర సభ పెడితే నిలువెత్తు ఫ్లెక్సీ మీద బోధకుడి ముఖమే. వందలమంది ఆమెన్ అంటారు, ఒక్కరూ తమ మాట చెప్పరు. కానుక సంచి వరుసలన్నీ తిరుగుతది. బాయిలో కాలు విరిగి మంచాన పడ్డోడి ఇంటికి మాత్రం ఎవరూ పోరు.

ఇంతకన్న పెద్ద మౌనం ఇంకోటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మనకు బీసీ-సీ కింద ఒక్క శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉన్న మనిషికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదన్నది. అంటే కులం పేరుతో తిట్లు తినడానికి దళితుడే, కేసు పెట్టడానికి కాదు! బోధకుడి గతే ఇట్లుంటే, కాయితంలో హిందువనీ గుండెలో క్రీస్తనీ రాసుకుని బతికే కూలోళ్ల భయం ఎంతుండాలె? ఆ భయం చెప్పుకునే చోటు సంఘమే కావాలె. దానిమీద ప్రసంగం నేను ఇంతవరకు ఒక్కటీ వినలేదు. పరలోకం గురించి మాత్రం వారం వారం వింటున్న. ఒకే రొట్టె విరుచుకుంటూ పిల్లనిచ్చేకాడ మాల వేరు, మాదిగ వేరు అనుకునే మన రోగం మీద కూడా వినలేదు.

అయ్యగార్లను నేనడిగేది ఎక్కువ కాదు. ప్రసంగం ఒక పావుగంట తగ్గించండి. ఆ పావుగంట వెనక చాపమీద కూసున్న ముసలామెకు ఇవ్వండి. ఆమె తన ఇంటి సంగతి చెబుతది, కూలి సంగతి చెబుతది, కులం కాయితం సంగతీ చెబుతది. మీరు కూసొని వినండి.