ఉప్పుగాలికి నిలిచే గన్నేరు

సూరత్ దగ్గరి డుమస్‌లో ఇంటి ముందు పూలమొక్కలు పెట్టాలనుకునేవాళ్లు మొదట గాలి సంగతి తేల్చుకోవాలి. తపతి నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరి ఊరు ఇది. వానాకాలమంతా నైరుతి గాలి అరేబియా సముద్రపు ఉప్పుతుంపరను మోసుకొచ్చి ఆకుల మీద పరుస్తుంది. సున్నితమైన మొక్కలకు ఆకుల అంచులు మాడిపోతాయి. తీరంలో నల్ల ఇసుక. లోపలికి వస్తే ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బే నల్లరేగడి. ఏటా కొత్తగా నాటే బంతి ఒక ఋతువు మురిపిస్తుంది, కాదనను. ఏళ్ల తరబడి నిలిచి పూసేది కావాలంటే మాత్రం గన్నేరు తర్వాతే ఏదైనా.

గన్నేరు ఆకును తిరగేసి భూతద్దం కింద పెట్టి చూడండి. పైవైపు మైనం పూసినట్టు నునుపు, మందం. అడుగున నడిమి ఈనె నుంచి అంచుల దాకా దగ్గరదగ్గరగా సాగే సన్నని ఈనెలు, వాటి మధ్య చిన్న చిన్న గుంటలు. చాలా మొక్కల్లో పత్రరంధ్రాలు నేరుగా బయటికే తెరుచుకుంటాయి. గన్నేరులో అవి ఈ గుంటల లోపల ఉంటాయి, గుంటల నిండా నూగు. గాలి ఎంత విసిరికొట్టినా లోపలి తేమ తొందరగా పోదు. చుక్కంత చోటులో తలుపూ తెరా రెండూ అమర్చిన ఈ పనితనం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

కొమ్మ కట్టుబడీ అంతే ముచ్చటైనది. సాధారణంగా కణుపుకు మూడేసి ఆకులు. కణుపు పైన కత్తిరిస్తే ఆ ఆకుల మొదళ్ల నుంచి మూడు చిగుళ్ల దాకా లేస్తాయి. పూత వచ్చేది కొత్త కొమ్మల చివర కాబట్టి, ఒక విడత పూత అయ్యాక కత్తెర వేస్తే, ఒక గుత్తి పూసిన చోట మూడు పూసే వీలుంటుంది. కత్తిరించిన ముక్కలు నీళ్లలో పెట్టినా వేళ్లు వేస్తాయి. అయితే చెట్టంతా విషమే. పిల్లలు, పశువులు నోట పెట్టకుండా చూడాలి. ఎండుకొమ్మలు పొయ్యిలో పెట్టొద్దు, ఆ పొగ కూడా ప్రమాదమే.

దేవగన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు దీని చుట్టాలే, ఒకే వృక్షకుటుంబం. ఏ మొగ్గ చూసినా రేకులన్నీ ఒకే వైపుకు మెలితిరిగి, ఒకదాని అంచు మరొకదాని మీద వాలి చుట్టుకుని ఉంటాయి. దేవగన్నేరు రాత్రిపూట మరింతగా గుబాళించి పెద్ద చిమ్మటలను రప్పించుకుంటుంది, తేనె మాత్రం చుక్కైనా పెట్టదు. దాని కొమ్మను నరికిన వెంటనే నాటకండి. పాలు ఆరి, కోసిన చోటు గట్టిపడేదాకా నీడన ఉంచాలి. బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చింది. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1958లో దాని నుంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును వేరుచేశారు. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే దాని వేళ్లు కుళ్లిపోతాయి, మడి ఎత్తుగా కట్టాలి. ఇక్కడి నర్సరీల్లో గన్నేరును కరేణ్ అని, దేవగన్నేరును చంపో అని, బిళ్ళగన్నేరును బారమాసి అని అడగాలి.

సూరత్‌లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల ఇళ్లలో మల్లె లేకుండా మనసు ఊరుకోదు. సముద్రం వైపు మల్లె పెడితే ఉప్పుకు నలిగిపోతుంది. అందుకే నైరుతి వైపు గన్నేరును దడిగా పెంచి, దాని చాటున, ఎండ బాగా తగిలేలా మల్లె నాటాలి. చలికాలంలో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేస్తే ఎండలు ముదిరే వేళకు మొగ్గ తొడుగుతుంది. దడి నడుమెత్తు లేచాకే మల్లెకు గుంట తీయండి, తొందరపడొద్దు.