మోకు పట్టిన నేల నుంచి మంచుకొండకు

జనగామలో మే నెల మిట్టమధ్యాహ్నం మంచుకొండ ముచ్చట తెస్తే ఎవరైనా నవ్వుతారు. ఇక్కడ మంచు అంటే సోడాబండి మీది ఐసుగడ్డ, లేదంటే సంక్రాంతి పొద్దున పొలాల మీద తేలే పొగమంచు. అయినా ఈ చుట్టుపక్కల నుంచే పిల్లలు అగ్నిపర్వతాలు ఎక్కివస్తున్నారు. మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలోని తండాలో పుట్టిన భూక్యా యశ్వంత్ కిలిమంజారో ఎక్కాడు. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ మీద నిలబడిన నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, 2017లో రష్యాలోని ఎల్‌బ్రస్ కూడా ఎక్కింది.

కిలిమంజారో, ఎల్‌బ్రస్ రెండూ నిద్రపోతున్న అగ్నిపర్వతాలే, తీరు మాత్రం వేరు. కిలిమంజారో (5,895 మీటర్లు) మీద దాదాపు దారంతా మట్టి, బూడిద, రాళ్లు. 5,642 మీటర్ల ఎల్‌బ్రస్‌పై అలా కాదు. దక్షిణం వైపు నుంచి వెళితే కేబుల్ కారు దిగే 3,800 మీటర్ల దగ్గర నుంచి శిఖరం దాకా మంచే. నిటారు గోడలు లేవు గనక గైడ్ తోడుంటే కొత్తవాళ్లూ ఎక్కవచ్చంటారు. మాట నిజమే, కానీ అందులో సగమే చెబుతారు. మబ్బు కమ్మితే ఆ వెడల్పాటి తెల్లటి వాలు మీద ఎటు పోతున్నామో తెలియదు. దాదాపు ఏటా అక్కడ ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

మరి మంచే లేని చోట మంచుకొండకు తయారవడం ఎట్లా? పూర్ణకు దారి చూపింది భువనగిరి గుట్ట. జనగామ నుంచి హైదరాబాద్ వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే కనబడే ఏకశిల అది, సుమారు 500 అడుగులు. 2007లో ఎవరెస్ట్ ఎక్కిన శిక్షకుడు శేఖర్‌బాబు బాచినేపల్లి దగ్గర పూర్ణలాంటి గురుకులాల పిల్లలు ఆ బండ మీదే తాడు పట్టడం నేర్చుకున్నారు. వాళ్లలో కొందరు డార్జిలింగ్‌కు, వాళ్లలోంచి కొందరు చలికాలపు లద్దాఖ్‌కు వెళ్లారు. ఎవరెస్ట్ దాకా మిగిలింది ఇద్దరు: పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్‌కుమార్. బండ, ఆ తర్వాత మంచు, ఆపైన ఎత్తు. ఈ వరుస మార్చకూడదు.

భూపాలపల్లి వాళ్లకు అంత దూరం కూడా పోనక్కర్లేదు. రేగొండ దగ్గర పాండవుల గుట్టలున్నాయి. ఆదిమానవుడి బొమ్మలున్న ఆ ఇసుకరాతి గోడల మీద తాడుతో ఎక్కడం, దిగడం సాధన చేస్తారు. అక్కడ ముఖ్యంగా అలవడాల్సింది క్లిప్పు మార్చే పద్ధతి. నడుముకు రెండు కొక్కేలుంటాయి. బిగించిన తాడు మేకు దగ్గర ముగిసినప్పుడు, ఒక కొక్కెం అవతలి తాడుకు తగిలించాకే రెండోది విప్పాలి. ఎల్‌బ్రస్ పైభాగంలో ఏటవాలుగా సాగే చోట ఇట్లాంటి తాళ్లే కట్టి ఉంటాయి. మందపాటి గ్లౌజులతో, చలికి మొద్దుబారిన వేళ్లతో, చీకట్లో ఈ పని చెయ్యాలి. కాబట్టి ఇక్కడే కళ్లు మూసుకుని చేయగలిగేదాకా చెయ్యాలి.

ఈ క్రమం మన గీత కార్మికుడికి ఎప్పటి నుంచో తెలుసు. తాటిచెట్టు చుట్టూ తిప్పిన మోకు మీద ఒళ్లు వాల్చి, పాదాలు ఆనించాక మోకు పైకి జరుపుతాడు. మోకు పట్టు దొరికాకే పాదాలు కదులుతాయి. రెండూ ఒకేసారి కదిలితే చెట్టు కిందే. ఐస్ యాక్స్‌తో నడిచేటప్పుడూ ఇదే లెక్క: గొడ్డలి కదిలితే పాదాలు ఆగాలి, పాదం కదిలితే గొడ్డలి మంచులో దిగి ఉండాలి. జనగామ పక్కనే ఖిలాషాపూర్‌లో కోట ఉన్న సర్వాయి పాపన్నది కల్లుగీసే కుటుంబమే. ఎక్కడం మీద బతికిన జాతికి ఈ గుట్టలూ, కోటలూ కొత్త కావు. ముచ్చటేమిటంటే, 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికుల కోసం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్లతో పర్వతారోహకుల తాడు, క్లిప్పులు తాటిచెట్టు దగ్గరికి వచ్చాయి.

అయితే ఇక్కడి అలవాట్లన్నీ అక్కడ పనికిరావు. వరిపొలం గట్టు మీద నడిచేవాడు పాదం ముందు పాదం పెడతాడు. బూట్ల కింద క్రాంపాన్లు, అంటే ఇనుప ముళ్లు, కట్టుకుని అట్లా నడిస్తే ఒక కాలి ముల్లు రెండో కాలి ప్యాంటులో చిక్కుకుంటుంది. కాళ్లు ఎడంగా పెట్టి, ముళ్లన్నీ ఒకేసారి దిగేలా అరికాలు చదునుగా మోపాలి. నూలు చొక్కా ఇంకో చిక్కు. మన ఎండలో నూలుకు మించినది లేదు గానీ, చలిలో చెమట పీల్చి ఒంటికి అతుక్కుని వణుకు పుట్టిస్తుంది. ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుంది. వానలో గొంగడి కప్పుకుని గొర్ల వెంట నిలబడే కురుమ కాపరిని చూసినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

ఒంటిని సిద్ధం చేసుకోవడంలో చాలామంది పొరబడేది లెక్క దగ్గర. ఎల్‌బ్రస్‌పై 3,800 మీటర్ల దగ్గరి బస గదుల నుంచి శిఖరానికి 1,800 మీటర్ల ఎత్తు. అంటే ఒకే రోజు పన్నెండు భువనగిరి గుట్టలు, అదీ గాలిలో ఆక్సిజన్ దాదాపు సగమే దొరికే చోట. కొంతమంది డబ్బు కట్టి మంచు ట్రాక్టర్ మీద 4,700 మీటర్ల దాకా వెళ్తారు. దాన్ని ఎక్కడమని నేననను. మూడు నెలల ముందు నుంచే వీపున పది కిలోల సంచితో గుట్ట మెట్లు ఎక్కిదిగితే చాలావరకు కాళ్లు తయారవుతాయి. ఎక్కడం కంటే దిగడానికి ఎక్కువ సాధన కావాలి, మోకాళ్లు మొరాయించేది అప్పుడే. నడకలో ఒక కిటుకుంది. వెనక కాలు నిటారుగా బిగించి, బరువంతా ఎముక మీద వేసి, ఒక శ్వాస ఆగి, అప్పుడు ముందడుగు. చూసేవాళ్లకు బద్ధకంగా కనబడుతుంది. పది గంటలు నడిపించేది ఆ బద్ధకమే.

ఇక్కడ నేర్చుకోలేనివి రెండే. ఒకటి జారినప్పుడు ఆగడం. జారిన మరుక్షణం బోర్లా తిరిగి, గొడ్డలి మొనను భుజం దగ్గర మంచులో గుచ్చి, రొమ్ము బరువంతా దాని మీద మోపాలి. క్రాంపాన్లుంటే పాదాలు పైకెత్తాలి. లేకపోతే ముళ్లు తట్టి మనిషి పల్టీ కొడతాడు. దీన్ని గైడ్ ముందు, కింద ప్రమాదం లేని మంచు వాలు మీదే చెయ్యాలి. డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలి సంస్థల ప్రాథమిక కోర్సుల్లో నేర్పుతారు. రెండోది ఎత్తుకు అలవాటుపడడం. పగలు పైకి వెళ్లి, రాత్రి కిందికి వచ్చి పడుకోవాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. తలనొప్పితో పాటు వాంతులు, తూలుడు మొదలైతే మందు బిళ్ల కోసం వెతకొద్దు, దిగాలి.

చిన్న సంగతులూ ఉన్నాయి. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోవాలి, గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది గనక మూత బిగుసుకోదు. ఆకలి చచ్చిపోతుంది, అయినా పల్లిపట్టీలో ఖర్జూరాలో గంటకోసారి నోట్లో వేసుకోవాలి. నల్లద్దాలు లేకుండా మంచు మీద ఒక్క పూట తిరిగినా కళ్లు మండి చూపు పోయినంత పనవుతుంది.

బయలుదేరేది అర్ధరాత్రి దాటాక, మంచు గట్టిగా ఉన్నప్పుడు. వెనక్కి తిరిగే వేళ ఎంతో గైడ్ ముందే చెబుతాడు. శిఖరం వంద మీటర్లలోనే ఉన్నా ఆ వేళ దాటితే వెనక్కే. ఊళ్లో ఫ్లెక్సీ కట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు గుర్తొస్తారు, పెట్టిన లక్షలు గుర్తొస్తాయి. వాన పడి తాటి మాను తడిసిన పొద్దున గీత కార్మికుడు చెట్టు కింద నిలబడి పైకి చూస్తాడు. కుండలో కల్లు ఉందని తెలుసు. మోకు భుజాన వేసుకుని ఇంటికి పోతాడు.