బోలోన్ వయొలిన్ - మన వినికిడి

పరిశోధనకు అంశం ఎంచుకునే రోజుల్లో, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం గురించి ఏదైనా రాయాలని ఉందని మేం అంటే ఒక పెద్దమనిషి నవ్వి, "మీకెందుకవన్నీ, మీ డప్పు మీద రాయరాదూ?" అన్నారు. ఆయన మాటలో చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. డప్పు మీద రాయడం మాకు చిన్నతనమూ కాదు. డప్పు చప్పుడు వింటూనే పెరిగాం. మా ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటివాళ్లం మేం. అయినా ఆ మాట చాలాకాలం చెవిలో మెదిలింది. ఎవరు ఏ సంగీతం గురించి మాట్లాడాలో ముందే పంచిపెట్టినవాళ్లు ఎవరు? పని పంచినట్టే, చెరువు పంచినట్టే, స్వరాన్నీ పంచిపెట్టారా?

ఈ ప్రశ్నతోనే మేం జోసెఫ్ బోలోన్ సంగీతం దగ్గరికి వెళ్లాం. సంగీత చరిత్రలో ఆయన్ను షెవాలియే ద సాన్-జోర్జ్ అనే బిరుదుతో పిలుస్తారు. 1745లో కరీబియన్ సముద్రంలోని గ్వాదలూప్ దీవిలో పుట్టాడు. అప్పుడది ఫ్రాన్స్ వలస. తండ్రి చెరకు తోటల యజమాని, తెల్లవాడు. తల్లి నానోన్ ఆఫ్రికా సంతతి బానిస స్త్రీ. 1685 నాటి 'కోడ్ న్వార్' అనే బానిస చట్టం ప్రకారం తల్లి బానిసైతే బిడ్డా బానిసే. మన దగ్గర కులం తండ్రి వైపు నుంచి వస్తుందంటారు. అక్కడ బానిసత్వం తల్లి వైపు నుంచి వచ్చేది. రెండు చోట్లా లెక్క రాసుకున్నది యజమానే.

తండ్రి ఈ పిల్లవాణ్ణి చిన్నప్పుడే ఫ్రాన్స్ తీసుకుపోయి చదివించాడు. కత్తిసాములో పెట్టాడు. తర్వాత నానోన్ కూడా పారిస్ చేరింది. బోలోన్ ఇరవయ్యేళ్లు దాటకముందే ఫ్రాన్సులో పేరున్న కత్తిసాము వీరుడయ్యాడు. 1769లో గొసెక్ అనే స్వరకర్త పెట్టిన 'కాన్సేర్ దెజ్ అమాతర్' వాద్యబృందంలో వయొలిన్ వాయించాడు. 1772లో తన సొంత కన్సర్టోలు తనే వాయించి జనాన్ని మెప్పించాడు. 1773లో ఆ బృందానికి నాయకుడయ్యాడు. అప్పటికి మొజార్ట్ పదిహేడేళ్ల కుర్రవాడు.

ఈ చివరి ముక్క ఎందుకు చెబుతున్నామంటే, లోకం ఇప్పుడు బోలోన్‌కు 'నల్ల మొజార్ట్' అని పేరు పెట్టింది. పొగడ్త అనుకునే పెట్టారు. కానీ తనకంటే పదేళ్లు చిన్నవాడి పేరుతో ఒక మనిషిని పిలవడం ఏం పొగడ్త? 'నల్ల' అన్న మాట రంగు చెబుతుంది, 'మొజార్ట్' అన్న మాట కొలత చెబుతుంది. మరి మనిషి ఎక్కడ? ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. మన కవి బాగా రాస్తే అగ్రవర్ణ కవి ఒకరి పేరు తెచ్చి ఆయనంతటివాడని మెచ్చుకుంటారు. అంటే గజంబద్ద వాళ్ల చేతిలోనే ఉంటుంది. మొజార్ట్ 1778లో పారిస్‌లో ఉన్నాడు గనక బోలోన్ నుంచి ఒక స్వరగతి తీసుకున్నాడని వాదించేవాళ్లూ ఉన్నారు. నిజమైతే కావచ్చు. కానీ బోలోన్ గొప్పతనానికి అదే సాక్ష్యమంటే మళ్లీ మొజార్ట్ వాకిట్లోనే నిలబడ్డట్టు. 2022లో వచ్చిన 'షెవాలియే' సినిమా ఈ ఇద్దరినీ వేదిక మీద పోటీకి దించుతుంది. అది కల్పన. ఆ కల్పన అవసరమైందంటేనే తెలుస్తోంది, బోలోన్‌ను బోలోన్‌గా వినే చెవి ఇంకా తయారు కాలేదని.

అందుకని ముందు విందాం.

ఆయన మొదటి ఓపస్ ఆరు క్వార్టెట్లు. క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో కలిసి వాయించేది. 1773లో అచ్చయ్యాయి. ఫ్రాన్సులో ఈ ప్రక్రియ చేపట్టిన తొలివాళ్లలో ఆయనొకడు. ఒక్కో క్వార్టెట్‌లో రెండే భాగాలు, సాగదీత లేదు. ఆరింటిలో మూడు మైనర్ శ్రుతుల్లో ఉన్నాయి. మైనర్ అంటే పాశ్చాత్య సంగీతంలో చెవికి కొంచెం బరువుగా, లోపలికి చూసుకుంటున్నట్టు తోచే స్వరవరుస. కులీనుల మేడల్లో సాయంత్రపు కాలక్షేపానికి వాయించే ప్రక్రియలో సగం రచనలు ఇట్లా రాయడం మామూలు విషయం కాదు. నాలుగో క్వార్టెట్ సి మైనర్‌లో ఉంది. దాని రెండో భాగం రొందో. మన పాటలో పల్లవి తిరిగి తిరిగి వచ్చినట్టు ఇందులో ఒక వరుస మళ్లీ మళ్లీ వస్తుంది, మధ్యలో చరణాల్లాగా వేరే వరుసలు వస్తాయి. ఎక్కడికి పోయినా ఇంటికి తిరిగొస్తామని శ్రోతకు తెలుసు. బోలోన్‌కు ఈ రొందో అంటే ఇష్టం. కన్సర్టోల చివరి భాగాలూ చాలావరకు ఇవే. హాయిగా సాగే పల్లవి మధ్యలో హఠాత్తుగా మైనర్‌లోకి దింపుతాడు. వెలుతురున్న గదిలో కిటికీ మూసినట్టుంటుంది. కాసేపటికి ఏమీ జరగనట్టే పల్లవి తిరిగొస్తుంది. కానీ విన్నవాడికి అది ముందరి పల్లవి కాదు.

లోపాలు లేవని మేం అనడం లేదు. ఈ క్వార్టెట్లలో మొదటి వయొలిన్ పెత్తనమే ఎక్కువ. హైడన్ తర్వాతి కాలంలో సాధించిన నలుగురి సమాన సంభాషణ ఇందులో ఇంకా పూర్తిగా లేదు. మన మనిషి గదా అని లోపం దాచిపెడితే అదీ ఒక చిన్నచూపే. విమర్శకు నిలబడగలిగినవాణ్ణే విమర్శిస్తాం.

ఆయన అసలు బలం వయొలిన్ కన్సర్టోల్లో ఉంది. అయిదో ఓపస్‌లో రెండోది, ఎ మేజర్‌లో ఉన్నది వినండి. మొదటి భాగంలో వయొలిన్ కింది తంత్రి నుంచి అమాంతం పైస్థాయికి దూకుతుంది. చెయ్యి మెడపలక చివరిదాకా పాకుతుంది. కమాను ఒక తంత్రి మీంచి మరో తంత్రికి క్షణంలో మారుతుంది. కత్తి తిప్పిన చెయ్యే ఇది అని రాసిన విమర్శకులు చాలామంది. మాకు ఆ పోలిక మీద అనుమానం ఉంది. నల్లవాడి ప్రతిభను ముందు ఒంట్లో వెతకడం, తర్వాత తీరికుంటే బుర్రలో వెతకడం పాత అలవాటు. మన పిల్లలకూ ఆటల్లో, కూలిలో బలం ఉందంటారు, లెక్కల్లో ఉందనరు. ఆ మొదటి భాగం తర్వాత 'లార్గో' అనే నెమ్మది భాగం వస్తుంది. అక్కడ కత్తి లేదు, దూకుడు లేదు. వాద్యబృందం గొంతు తగ్గిస్తుంది, వయొలిన్ ఒక్కటే పాడుతుంది. ఒక స్వరాన్ని పట్టుకుని, వదలబోయి, మళ్లీ పట్టుకుంటుంది. ఇది కండబలం పని కాదు. ఎక్కడ ఆగాలో తెలిసిన బుర్ర పని.

ఈ రచనలు ఎట్లాంటి గాలిలో పుట్టాయో కూడా చూడాలి. 1776లో పారిస్ ఒపెరా సంస్థకు నాయకుడుగా బోలోన్ పేరు ముందుకొచ్చింది. ముగ్గురు పేరుమోసిన కళాకారిణులు, సోఫీ ఆర్నూ, రోజాలి లెవస్సర్, నాట్యకత్తె గీమార్, రాణికి అర్జీ పెట్టుకున్నారు. మిశ్రమ రక్తం ఉన్నవాడి ఆజ్ఞలకు లోబడటం తమ పరువుకు తగదన్నారు. పదవి ఆయనకు దక్కలేదు. ఆ రోజుల్లో రంగస్థల స్త్రీలను కులీన సమాజం ఏమంత గౌరవంగా చూసిందని? వాళ్లకూ పైన ఎవరో ఉన్నారు. అయినా తమ కింద ఒకడుండాలి. బాబాసాహెబ్ అంబేద్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానత ఇదే. పై మెట్టు మీద కోపం కింది మెట్టు మీద తీర్చుకోవడం. మరుసటి ఏడు, 1777లో, నల్లవాళ్లు ఫ్రాన్సులోకి రాకుండా రాజు చట్టం చేశాడు. 1778లో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య పెళ్లిళ్లు నిషేధించాడు. ఇవన్నీ జరుగుతుండగానే ఆయన కచేరీలు నడిపాడు, కొత్త రచనలు అచ్చువేశాడు.

1780లో ఆయన 'లామాఁ అనొనిమ్' అనే ఒపెరా ప్రదర్శించారు. ఆయన ఒపెరాల్లో పూర్తిగా మిగిలింది ఇదొక్కటే. కథానాయకుడు వాల్కూర్ ఒక వితంతువును ప్రేమిస్తాడు. పేరు చెప్పుకోలేక ఆకాశరామన్న ఉత్తరాలు రాస్తుంటాడు. పెళ్లి నిషేధపు చట్టం వచ్చి రెండేళ్లే అయింది గనక ఇది బోలోన్ సొంత గోడేనని చదవడం సులువు. మేమూ మొదట అట్లాగే చదివాం. కానీ కథ ఆయనది కాదు, మదామ్ ద జాన్లిస్ నాటకం నుంచి తీసుకున్నది. ఒపెరా మొదట వచ్చే వాద్యభాగాన్ని ఆయన విడిగా రెండో సింఫనీగా కూడా వాడాడు. అది వింటే గోడు వినపడదు. ఉత్సాహం, చలాకీతనం, పెళ్లి ఇంట్లో పనులు నడిచే సందడి వినపడతాయి. అణగారినవాడి కళలో గాయం మాత్రమే వెతకడం మన పరిశోధకులకూ అలవాటైపోయింది. గాయం లేకపోతే మనవాడు కాడేమో అని అనుమానపడతాం. బోలోన్‌కు సంతోషం రాసే హక్కు లేదా? ఏడుపు మనకు వదిలేసి ఆనందాన్ని వాళ్లు ఉంచుకున్నారు. ఆ పంపకాన్ని ఒప్పుకోకపోవడం కూడా ధిక్కారమే.

నాయకుడుగా ఆయన పని వేరే చెప్పాలి. 1781లో మొదటి బృందం మూతపడితే 'లోజ్ ఒలాంపిక్' అనే కొత్త కచేరీ సంస్థ వచ్చింది. హైడన్ రాసిన ఆరు 'పారిస్ సింఫనీలు', అంటే 82 నుంచి 87 వరకు, ఈ సంస్థ అడిగి రాయించుకున్నవే. వాటిని లోకానికి మొదట వినిపించిన బృందానికి నాయకుడు బోలోన్. హైడన్ సింఫనీలను పాఠాల్లో చెబుతారు. నడిపించిన చెయ్యి ఎవరిదో చెప్పరు.

విప్లవం వచ్చాక 1792లో నల్లవాళ్లతో ఏర్పడిన అశ్వికదళానికి ఆయన కర్నల్ అయ్యాడు. 1793లో ఆయన్నే అనుమానించి జైల్లో పెట్టారు. ఏడాది దగ్గర దగ్గర ఉన్నాడు. 1794లో ఫ్రాన్స్ తన వలసల్లో బానిసత్వం రద్దుచేసింది. 1799లో బోలోన్ చనిపోయాడు. 1802లో నెపోలియన్ గ్వాదలూప్‌లో బానిసత్వాన్ని మళ్లీ తెచ్చాడు. తిరగబడ్డవాళ్లను అణచడానికి పోయిన సేనాని రిషపాన్స్. ఆ సేనాని పేరుతో పారిస్‌లో ఒక వీధి చాలాకాలం ఉంది. 2001లో నగరపాలకులు ఆ పేరు తీసేసి బోలోన్ బిరుదు పెట్టాలని నిర్ణయించారు. మంచిదే. కానీ వీధికి పేరు పెట్టడం, పాట వినడం రెండూ ఒకటి కాదు. వినడం అంతకుముందే మొదలుపెట్టినవాళ్లలో నల్లజాతి కళాకారులున్నారు. 1974లో అమెరికాలో పాల్ ఫ్రీమన్ అనే నల్లజాతి సంగీత నిర్దేశకుడు, నల్ల స్వరకర్తల రచనలతో వచ్చిన రికార్డుల వరుసను బోలోన్‌తోనే మొదలుపెట్టాడు.

ఒక చేదు నిజం కూడా దాటిపోకూడదు. బోలోన్ చదువుకు, వయొలిన్‌కు, కత్తికి పెట్టిన డబ్బు ఎక్కడిది? చెరకు తోటలో బానిసల రెక్కల కష్టం. నానోన్ లాంటి తల్లుల చెమట. ఆ తోటల జనానికి వాళ్ల సంగీతం వాళ్లకుంది. పీపా మీద తోలు బిగించి వాయించే 'కా' డోలు, దాని చుట్టూ పెరిగిన 'గ్వోకా'. 2014లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. తోలు, చెయ్యి, గుండ్రంగా నిలబడ్డ జనం - మనకు చెప్పాల్సిన పని లేదు. బోలోన్ సంగీతంలో ఆ డోలు వెతికి తెచ్చి, అదుగో తల్లి గొంతు అని చెప్పడం మాకు ఇష్టం లేదు. రుజువు లేదు, అవసరమూ లేదు. కొడుకు వయొలిన్ వాయించినంత మాత్రాన తల్లి డోలు చిన్నబోదు. డోలు వినిపించలేదని కొడుకు పరాయివాడూ కాడు.

ఆ పెద్దమనిషికి మేం అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెబుతున్నాం. డప్పు మీదా రాస్తాం, వయొలిన్ మీదా రాస్తాం. వయొలిన్ కర్ణాటక కచేరీలోకి వచ్చింది కూడా బోలోన్ చనిపోయిన కాలానికి అటూ ఇటూగానే. మద్రాసులో తెల్లవాళ్ల దగ్గర నేర్చుకుని బాలుస్వామి దీక్షితార్ తెచ్చాడంటారు. సముద్రం దాటి వచ్చిన చెక్కపెట్టె రెండు వందల ఏళ్లలో వాళ్లకు 'మన సంప్రదాయం' అయినప్పుడు, మాకు మాత్రం ఎందుకు పరాయిదవుతుంది?

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. తరగతిలో బోలోన్ జీవితకథ చెప్పేముందు ఆ లార్గో వినిపించండి. రంగు, తల్లి, కత్తి, రాణి ఏవీ చెప్పకుండా వినిపించండి. పిల్లలు ఏమన్నారో రాసుకోండి. కథ తర్వాత చెప్పండి. ఆ రాతలు మాకు పంపితే వచ్చే సంచికలో చర్చకు పెడదాం.