వేలిముద్రకు ముందు

వయసు పైబడి మతిమరుపు ముదిరినవారు, పక్షవాతంతో మాట పడిపోయినవారు, తమ డబ్బు, భూమి, వైద్యం, నివాసం గురించి ఇంకా తామే నిర్ణయించుకోగల స్థితిలో ఉన్నారా లేదా అని పరిశీలించి తేల్చడాన్ని నిర్ణయ సామర్థ్య మదింపు అంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం వచ్చాక ఇది సోషల్ వర్కర్ల రోజువారీ విధుల్లో భాగమైంది. భారతదేశంలో ఏ చట్టమూ ఈ బాధ్యతను ప్రత్యేకంగా వారికి అప్పగించలేదు. అయినప్పటికీ భద్రాచలం ఏజెన్సీలోని చర్ల, దుమ్ముగూడెం వంటి అటవీ మండలాల్లో ఉండే ఒక కోయ గిరిజన వృద్ధురాలి విషయంలో ఈ ప్రశ్న తలెత్తినప్పుడు, ఆమె ఇంటికి వెళ్లి, ఆమె భాషలో మాట్లాడి, చూసినదీ విన్నదీ రాసిపెట్టగల శిక్షణ పొందిన సోషల్ వర్కర్ లేకపోతే, ఆసుపత్రిలోని వైద్యుడు గానీ కచేరీలోని అధికారి గానీ న్యాయమైన నిర్ణయానికి రావడం కష్టం.

2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 4వ సెక్షన్ ఈ విషయంలో మూలస్తంభం. చికిత్సకు సంబంధించిన సమాచారాన్ని అర్థం చేసుకోవడం, నిర్ణయం తీసుకుంటే లేదా తీసుకోకపోతే ఏం జరుగుతుందో గ్రహించడం, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో మరో విధంగానో తెలియజేయడం అనే మూడింటిలో ఏ ఒక్కటి చేయగలిగినా ఆ వ్యక్తికి సామర్థ్యం ఉన్నట్టే భావించాలని ఆ సెక్షన్ చెబుతుంది. సమాచారాన్ని ఆ వ్యక్తికి తెలిసిన భాషలో, సులభంగా, అవసరమైతే సంజ్ఞలతోనో బొమ్మలతోనో చెప్పాలని, తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినంత మాత్రాన సామర్థ్యం లేదని తీర్మానించరాదని కూడా అదే సెక్షన్ అంటుంది. కొడుకులకు నచ్చని నిర్ణయం తీసుకున్న తండ్రికి ‘మతి తప్పింది’ అనడం తెలుగు పల్లెల్లో ఎంత సులువో తెలిసినవారికి ఈ చివరి వాక్యం విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ చట్టం మానసిక వైద్యానికే పరిమితం. అంతకుముందున్న 1987 మానసిక ఆరోగ్య చట్టం కింద జిల్లా కోర్టు విచారణ జరిపి, తన ఆస్తిని చూసుకోలేని వ్యక్తికి సంరక్షకుణ్ణి, ఆస్తి నిర్వాహకుణ్ణి నియమించగలిగేది. కొత్త చట్టం పాతదాన్ని రద్దు చేస్తూ ఆ అధ్యాయానికి బదులు ఏదీ ఇవ్వలేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది గానీ, అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికే వర్తిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 14వ సెక్షన్ పరిమిత సంరక్షకత్వాన్ని, అంటే ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ వ్యక్తి ఇష్టానికి అనుగుణంగా ఇద్దరూ కలిసి నిర్ణయించే పద్ధతిని ప్రవేశపెట్టింది. భావన ఉన్నతమైనదే అయినా, ఆ చట్టం జతచేసిన వైకల్యాల జాబితాలో డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తినీ ఆలోచననూ క్రమంగా హరించే మెదడు జబ్బు, పేరు పెట్టి లేదు. ముందే పవర్ ఆఫ్ అటార్నీ రాసిపెట్టుకుంటే సరిపోదా అంటే, రాసిచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోయిన క్షణంలోనే ఆ అధికారం ముగుస్తుందని 1872 కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షన్ చెబుతున్నది.

ఈ ఖాళీ మిగిలినందువల్లనే కుటుంబాలు రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టులను ఆశ్రయిస్తున్నాయి. కోమాలో ఉన్నవారి సంరక్షకత్వంపై 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇస్తూ, వైద్యుల నివేదికతోపాటు తహసీల్దారుకు తగ్గని హోదాలోని రెవెన్యూ అధికారి ఇంటికి వెళ్లి బంధువుల వివరాలు, వారి ఆర్థిక స్థితిగతులు తెలుసుకుని నివేదిక ఇవ్వాలని, నియమితుడైన సంరక్షకుడు ఆరునెలలకొకసారి లెక్క చెప్పాలని నిర్దేశించింది. ఇంటికి వెళ్లి చూడాలన్న ఆ షరతు ఎంతో విలువైనది. తహసీల్దారు ఆస్తిని లెక్కించగలరు, వారసులను గుర్తించగలరు. ఒక మనిషి మౌనం జబ్బు వల్ల వచ్చినదా, భయం వల్ల వచ్చినదా అని పోల్చుకోవడం మాత్రం వేరే చదువు.

భద్రాచలం ఏజెన్సీలో ఈ తేడా గుర్తించడం మరింత అవసరం. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా నిషేధించాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టాను అమ్మరాదు, అది వారసులకు మాత్రమే సంక్రమిస్తుంది, పెళ్లయినవారికి భార్యాభర్తలిద్దరి పేరున ఇస్తారు. ఈ చట్టాలు బయటివారి నుంచి రక్షణగా నిలిచాయి గానీ, ఇంటి లోపల జరిగేదాన్ని వాటికి వదిలిపెట్టలేము: పింఛను డబ్బు ఎవరు తీసుకుంటున్నారు, బతికుండగానే పంపకం ఎవరి ఒత్తిడితో జరిగింది, నిర్వాసితుల పరిహారం ఏ ఖాతాలో పడి ఎటు పోయింది అన్న ప్రశ్నలకు వాటిలో సమాధానం లేదు. జబ్బుతో సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్రను, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్రను, ఇద్దరు సాక్షుల ఎదుట బ్యాంకులు స్వీకరించవచ్చని, వారిలో ఒకరు బ్యాంకు అధికారై ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ ముద్ర ఎవరిదో సాక్షులు చెప్పగలరు. అది వేసిన మనిషికి విషయం తెలుసో లేదో ఆ నియమం అడగదు.

మదింపు చేయడంలోని నేర్పు మొదటి ప్రశ్నతోనే బయటపడుతుంది. నేడు తేదీ ఎంత, నూరులోంచి ఏడు తీసివేస్తూ పొమ్మంటే చెప్పగలరా అని అడిగే ప్రామాణిక పరీక్షలు బడికి వెళ్లినవారి కోసం తయారైనవి. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో చదువులేని గ్రామీణ వృద్ధుల కోసం 1990లలో హిందీలో ఒక పరీక్షను ప్రత్యేకంగా రూపొందించవలసి వచ్చింది ఇందుకే. కోయ గూడెంలోని వృద్ధునికి ఇంగ్లిషు తేదీ తెలియకపోవడం జబ్బుకు లక్షణం కాదు. ఇప్పపువ్వు రాలే రోజులు గడిచాయా, తునికాకు కోత మొదలైందా, విత్తనాల పండుగ అయిందా, సంతలో చింతపండు ఏ ధర పలుకుతోంది అని అడిగితే కాలం మీద, లెక్క మీద ఆయనకున్న పట్టు ఎంతో స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాతది దుబాసీ ఎంపిక. తెలుగు అరకొరగా వచ్చిన వృద్ధురాలి మాటను ఆమె భూమి ఆశించే మనుమడి నోట వినడం మదింపు కాబోదు. ఆస్తితో సంబంధం లేని కోయ భాషీయులను, ఆశా కార్యకర్తనో ఉపాధ్యాయినినో, వెంట పెట్టుకోవాలి. కుటుంబం సమక్షంలో ఒకసారి, వారు లేకుండా ఒకసారి మాట్లాడాలి. చెప్పినదానికి ‘అవును’ అంటే సరిపోదు, ఎందుకంటే అధికారి ఎదుట అవును అనడం అడవి పల్లెల్లో తరతరాల ఆత్మరక్షణ. విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పమనాలి, ఒప్పుకుంటే ఏమవుతుంది, ఒప్పుకోకపోతే ఏమవుతుంది అని అడగాలి, కొన్ని రోజుల తర్వాత వెళ్లి అదే ప్రశ్న వేస్తే అదే సమాధానం వస్తుందో లేదో చూడాలి. అడిగేది ఒక్కొక్క నిర్ణయం గురించి కావాలి. పరిహారం సొమ్మును ఏం చేయాలో తేల్చుకోలేని మనిషి, ఏ కూతురి దగ్గర ఉండాలో నిస్సందేహంగా చెప్పగలదు. మొదటి అశక్తతను చూపి రెండో హక్కును తీసివేయడం అన్యాయం.

అంతకన్నా ముందు, కనిపించే తికమక నయమయ్యేదేమో చూడాలి. ఈ అడవుల్లో ఫాల్సిపారం మలేరియా మెదడుకు ఎక్కవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో ఉప్పు తగ్గడం, థైరాయిడ్ లోపం, బి12 లోపం కూడా వృద్ధుల మతిని తాత్కాలికంగా చెదరగొడతాయి. కంటి శుక్లాలు, చెవుడు, భర్త పోయిన దిగులు మతిమరుపులా కనబడతాయి. జ్వరంలో ఉన్న మనిషిని పరీక్షించి శాశ్వత ముద్ర వేసిన నివేదిక కన్నా, ఇప్పుడు తేల్చలేమని, చికిత్స తర్వాత మళ్లీ చూడాలని రాసిన నివేదిక మంచిది. మానసిక వైద్య సోషల్ వర్కర్‌ను 2017 చట్టం మానసిక ఆరోగ్య నిపుణుల్లో ఒకరిగా గుర్తించింది గనుక, ఇలా రాయగల అర్హతకు చట్టబద్ధమైన ఆధారం ఇప్పటికే ఉంది.

60 ఏళ్లు దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నట్టు 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఈ సంఖ్య పట్టణాలకే చెందినదని అనుకోవడం పొరపాటు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల భద్రాచలానికి 300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండగా, చర్ల వృద్ధురాలిని అక్కడికి తీసుకెళ్లి పరీక్షించాలనడం ఆమె హక్కును కాగితానికే పరిమితం చేయడం. భద్రాచలం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కోయ భాష వచ్చిన ఒక్క మానసిక వైద్య సోషల్ వర్కర్‌నైనా నియమించి, ఏరియా ఆసుపత్రికీ, వయోవృద్ధుల పోషణ చట్టం కింద విచారణ జరిపే ఆర్డీవో ట్రిబ్యునల్‌కూ ఆ సేవను అందుబాటులో ఉంచాలి. ఇంట్లో ఇటువంటి పెద్దలున్నవారు పంపకానికి తొందరపడే ముందు వృద్ధుల సహాయ కేంద్రం 14567కు గానీ, మానసిక ఆరోగ్య సలహా కోసం టెలిమానస్ 14416కు గానీ ఫోన్ చేయవచ్చు, రెండూ ఉచితమే.