జిక్కి గొంతులో ఏరువాక

'రోజులు మారాయి'లో 'ఏరువాక సాగారో' పాట ఎత్తుకునే తీరు చూడండి. జిక్కి తొందరపడరు. పక్క చేలో ఉన్న మనిషిని కేకేసి పిలిచినట్టు గొంతు సాగదీస్తారు. విన్నవాడు తలెత్తాక అప్పుడు దరువు అందుకుంటారు. ఇక కాలు ఊరుకుంటే ఒట్టు!

కుందూ పారే దొర్నిపాడు సీమలో ఈ పాట రుచి వేరు. ఇక్కడ ఏరువాక పున్నమి అంటే ఎద్దుల పండగ. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, నల్లరేగడిలో తొలి సాలు. 1955లో కొసరాజు రాసిన మాటకు మాస్టర్ వేణు బాణీ కట్టారు, కొత్తగా వచ్చిన వహీదా రెహమాన్ ఆడారు. అంతా నిజమే. అయినా ఆ మాటకు చెమట వాసన అబ్బింది జిక్కి పలుకులోనే. పాదం చివరి అచ్చును చిన్న కుదుపుతో వదిలేస్తారు. ఆ కుదుపులో నవ్వు వినపడుతుంది. అదే బాణీని ఎస్.డి. బర్మన్ 1960లో 'బంబయ్ కా బాబూ'కి తీసుకుంటే హిందీలో ఆశా భోంస్లే పాడారు. అదీ సొగసైనదే. మన్ను మాత్రం జిక్కి దగ్గరే ఉండిపోయింది.

ఆమె అసలు పేరు పి.జి. కృష్ణవేణి. 1943లో 'పంతులమ్మ'తో సినిమాల్లోకి వచ్చేనాటికి చిన్నపిల్ల. గురువు దగ్గర కూర్చుని పద్ధతిగా సంగీతం నేర్చుకున్నది లేదు. అలాంటి మనిషి 1957లో 'సువర్ణసుందరి' కోసం ఘంటసాలతో కలిసి 'హాయి హాయిగా' పాడారు. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్: ఆదినారాయణరావు కూర్చిన రాగమాలిక. ఒక రాగం వాకిలి దాటి ఇంకో రాగంలో అడుగుపెట్టేటప్పుడు ఎక్కడా తడబాటు వినపడదు. ఏరువాకలో కాలు కదిపిన గొంతేనా ఇది అనిపిస్తుంది. అంతకు రెండేళ్ల ముందు 'అనార్కలి'లో 'రాజశేఖరా' పాడిందీ ఆ గొంతే. అక్కడ మోహం ఉంది, కానీ ఒక్క స్వరం కూడా సిగ్గు విడవదు. నాకు ఆమె పాటల్లో ఇదే ప్రాణం.

ఆ దశాబ్దంలోనే హవానాలో గాయని సీలియా క్రూజ్ 'సొనోరా మతన్‌సెరా' బృందంతో క్యూబాను ఆడించారు. చెరకు తోటల దేశం ఆ గొంతులో పలికింది. 1960లో దేశం విడిచాక స్వదేశ ప్రభుత్వం ఆమెను రానివ్వలేదు. పాట మాత్రం ఆగలేదు. ఆటకు పాడే గొంతును చిన్నచూపు చూసేవాళ్లు ఈ ఇద్దరినీ వినాలి. తాళం మీద పరుగెడుతూ శ్రుతి చెదరకుండా, మాట నలగకుండా, సంతోషం దొంగది కాకుండా పాడటం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

జిక్కి గాయకుడు ఎ.ఎం. రాజాను పెళ్లాడారు. 1989లో ఆయన రైలు ప్రమాదంలో పోయారు. 2004లో ఆమె కూడా వెళ్లిపోయారు. మధ్యలో, 2001లో, 'మురారి' కోసం సునీత, సంధ్యలతో కలిసి 'అలనాటి రామచంద్రుడు' పాడారు. మా వైపు పెళ్లిళ్లలో ఈ పాట మైకులో మోగుతూనే ఉంటుంది. కొత్త గొంతుల నడుమ అరవై దాటిన ఆ గొంతు కాస్త గరుకుగా, పెళ్లివారి పెద్దముత్తైదువలా వచ్చి పాటను చేతిలోకి తీసుకుంటుంది. పాతికేళ్లప్పటి మెరుపు కోసం ఆమె అక్కడ తాపత్రయపడలేదు. ఉన్న వయసుతోనే పాడారు, అందుకే అంత నిండుగా ఉంది.